పక్కింటి పెద్దావిడ ఇచ్చిన మూడు పైపులు ఏనాటివి?

ప్రశ్న: నమస్కారమండీ. మాది తెనాలి. తొమ్మిదేళ్లుగా సియాటిల్ దగ్గర బాథెల్‌లో ఉంటున్నాం. మా పక్కింటి పెద్దావిడ ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్లిపోతూ, చనిపోయిన తన భర్త పొగతాగే పైపుల పెట్టె నా చేతిలో పెట్టారు. "ఇది పారేయడానికి చేతులు రాలేదు" అన్నారు. అందులో మూడు పైపులున్నాయి. మొదటిది లావుపాటి అల్యూమినియం గొట్టం, మీద చెక్క గిన్నె. దాని మీద కిర్‌స్టెన్ అన్న పేరు, 'పేటెంట్లు, పెండింగ్ పేటెంట్లు' అనే అర్థం వచ్చే పొట్టి అక్షరాలు, 'మేడ్ ఇన్ యూఎస్ఏ' అని ఉన్నాయి. రెండోదాని కాడ మీద 'ఫాల్కన్', 'మేడ్ ఇన్ ఇంగ్లాండ్' అని ఉంది. మూడోది వెదురు కాడ, రెండు చివర్లా ఇత్తడి, గిన్నె మరీ చిన్నది, వేలి కొస కూడా పట్టదు. దాని మీద ఏ రాతా లేదు. పెట్టె అడుగున కిర్‌స్టెన్ కంపెనీ మడత కాగితం ఒకటి ఉంది. చిరునామాలో సియాటిల్‌కీ 'వాష్'కీ మధ్య ఒక చిన్న అంకె ఉంది. ఆయన యుద్ధం అయ్యాక సైన్యంతో జపాన్‌లో ఉండి, తిరిగొచ్చి యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో ఇంజినీరింగ్ చదివారట. ఆన్‌లైన్‌లో ఇలాంటి కిర్‌స్టెన్ పైపునే '1936 నాటి అరుదైన మొదటి రకం' అని అమ్ముతున్నారు. నాకు ధర అక్కర్లేదు, తేదీ కావాలి. వచ్చే నెల ఆవిడను చూడ్డానికి వెళ్తున్నాం. మూడింటినీ మెరిసేలా తోమి, అద్దాల ఫ్రేములో అమర్చి, ఏ ఏడాదివో రాసి ఇద్దామని ఉంది. ఎలా తెలుసుకోవాలి?

జవాబు: ముందుగా ఒక్క విన్నపం. ఇంకా తోమకపోతే, తోమకండి.

ఇరవై ఏళ్ల కిందట నేను చేసిన పని అదే. మా మేనమామగారు పోయాక ఆయన బల్ల సొరుగులో ఒక అల్యూమినియం కాడ పైపు దొరికింది. ఆయన ఓడల్లో ఇంజినీరుగా చేశారు. ఏ రేవులో కొన్నారో ఇంట్లో ఎవరికీ తెలియదు. మసిబారి ఉంటే చూడలేక, మా అమ్మ ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండు పట్టించి తోమాను. ఆ మీదట మెటల్ పాలిష్ రాసి గుడ్డతో గంటసేపు రుద్దాను. అద్దంలా మెరిసింది. కాడ అడుగున సన్నగా ఉన్న రెండు వరుసల అక్షరాలు కూడా ఆ రుద్దుడుకే పోయాయి. అక్కడ అక్షరాలు ఉండేవని గుర్తుంది గాని, ఏమున్నాయో చదివి రాసుకోలేదు. ఆ పైపు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అది ఏ దేశానిదో కూడా చెప్పలేను. మీ ఉత్తరంలో 'మెరిసేలా తోమి' అన్న మాట చదవగానే అదే గుర్తొచ్చింది.

అల్యూమినియం మెత్తని లోహం. దాని మీద కొట్టిన అచ్చు లోతు వెంట్రుకవాసి ఉంటే ఎక్కువ. పాలిష్ అంటే పై పొరను అరగదీయడమే. చాకలి సోడా, డిష్‌వాషర్ పొడి లాంటివి ఇంకా ప్రమాదం, అల్యూమినియాన్ని తినేసి నల్లబరుస్తాయి. కాబట్టి ముందు చదవాలి, ఫొటో తీయాలి, కాగితం మీద రాసుకోవాలి. శుభ్రం చేయడం ఆ తర్వాతి మాట.

చదవడానికి గదిలో లైటు ఆర్పేసి, ఫోన్ టార్చిని పైపుకి ఎదురుగా కాకుండా పక్కనుంచి, దాదాపు ఆనించినంత వాలుగా పట్టుకోండి. వెలుగు పక్కనుంచి పడితే అచ్చు గీతల్లో నీడ నిలబడుతుంది, కనిపించని అక్షరం లేచి కూర్చుంటుంది. పైపుని మెల్లగా తిప్పుతూ పది పదిహేను ఫొటోలు తీయండి. అయినా అందకపోతే పల్చటి కాగితం పరిచి మెత్తని పెన్సిలుతో పైపైన రుద్దండి. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి రుద్దేవాళ్లం కదా, అదే పద్ధతి. కాడ అడుగు, గిన్నె కూర్చునే చోటు చుట్టూ, నోటి కొస లోపలికి దూరే భాగం, ఈ మూడు చోట్లా వెతకండి. చాలామంది పై భాగం ఒక్కటే చూసి 'రాత లేదు' అనేస్తారు.

ఇక అసలు సంగతి. పొగాకు కూరే భాగాన్ని గిన్నె అంటాను, పొగ నడిచే లోహపు భాగాన్ని కాడ అంటాను, పళ్ల మధ్య పట్టుకునేదాన్ని నోటి కొస అంటాను. మామూలు చెక్క పైపులో గిన్నే కాడా ఒకే చెక్కలోంచి వస్తాయి. ఒకదాని వయసు తెలిస్తే రెండోదాని వయసు తెలిసినట్టే. లోహపు కాడ పైపులో అలా కాదు. గిన్నె మరతో ఊడి వస్తుంది. వాడేవాళ్లకు అదే సుఖం, వయసు తేల్చేవాళ్లకు అదే చిక్కు. గిన్నె లోపల కాలి పాడైతే కాడను పారేయక్కర్లేదు, కొత్త గిన్నె కొని తిప్పి బిగించుకుంటారు. నోటి కొసకు పళ్ల గాట్లు పడితే దాన్నీ మారుస్తారు. తాతగారి సైకిల్ ఫ్రేము 1960 నాటిదైనా టైర్లు నిరుడు వేసినవి అయినట్టు, మీ చేతిలో ఉన్న పైపులో మూడు వయసులు ఉండవచ్చు. 'ఈ పైపు ఏనాటిది' అని అడిగితే జవాబు తప్పే వస్తుంది. కాడ ఏనాటిది, గిన్నె ఏనాటిది, కొస ఏనాటిది అని విడివిడిగా అడగాలి.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. పైపు మీద దొరికే గుర్తుల్లో ఎక్కువ భాగం 'ఇది ఫలానా ఏడాదికి ముందుది కాదు' అని మాత్రమే చెబుతాయి. 'ఫలానా ఏడాది తర్వాతది కాదు' అని చెప్పేవి తక్కువ. ఈ రెండు రకాలూ ఒకే వస్తువు మీద దొరికితే మధ్యలో మిగిలినదే దాని కాలం. ఒక్క ఏడాది తేల్చి చెప్పేవాళ్లను అంత తొందరగా నమ్మకండి.

మీ కిర్‌స్టెన్ దగ్గరికి వద్దాం. మీరుంటున్న ఊరికి దగ్గర్లోనే పుట్టిన వస్తువు అది. ఫ్రెడరిక్ కిర్‌స్టెన్ 1885లో జర్మనీలో పుట్టి, కుర్రతనంలోనే అమెరికా చేరి, యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో ప్రొఫెసరు అయ్యారు. ఎలక్ట్రికల్ ఇంజినీరింగుతో మొదలుపెట్టి విమాన శాస్త్రంలోకి వచ్చారు. 1920లలో బోయింగ్‌తో కలిసి ఒక కొత్త రకం ప్రొపెల్లర్ మీద పనిచేశారు. రెక్కలు చక్రంలా తిరుగుతూనే ఒక్కో రెక్కా తన కోణం మార్చుకునే రకం అది. విమానానికి గాలి ఎలా తగులుతుందో పరీక్షించే పెద్ద గాలి సొరంగం ఆ యూనివర్సిటీలో 1936లో కట్టారు. 1948లో దానికి ఆయన పేరే పెట్టారు. ఇప్పటికీ కిర్‌స్టెన్ విండ్ టన్నెల్ అనే అంటారు. మీ ఇంటినుంచి అది కారులో వెళ్లొచ్చేంత దూరమే.

ఆ మనిషికి పైపుతో పనేమిటంటే, సిగరెట్లు మానేసి పైపుకి మారమని డాక్టరు చెప్పాడట. పైపు పొగ వేడికి నాలుక మండింది. మరొకరైతే పైపు పక్కన పెట్టేసేవారు. ఈయన ఇంజినీరు కదా, పొగను దారిలోనే చల్లబరిస్తే సరి అనుకున్నారు. కారు ఇంజిను వేడిని రేడియేటరు గాలికి వదిలేసినట్టు, పొగ వేడిని లాగి బయటి గాలికి వదిలే లోహపు గొట్టం చేశారు. అల్యూమినియం వేడిని త్వరగా లాగుతుంది. గొట్టం లావుగా ఉండడం వల్ల లోపల పొగ నెమ్మదించి, దానిలోని తేమ, తారు గోడలకు అంటుకుని అడుగున చేరతాయి. గిన్నెకు అవతలి చివర ఉన్న బిరడా లాంటి ముక్కను లాగేసి, లోపల గుడ్డ దూర్చి తుడిచేయవచ్చు. అందుకే మీ పైపు చూడ్డానికి పైపులా కాక ఏదో యంత్రంలోంచి ఊడిన భాగంలా ఉంటుంది. నాకు ఈ పైపు మీద ఇంత ఇష్టం కలగడానికి కారణం కూడా అదే. గాలి నడకను జీవితాంతం చదివిన మనిషి, తన నోట్లోకి వచ్చే పొగ నడకను కూడా అదే కళ్లతో చూశారు. పొగ చల్లబడితే హాని తగ్గిందని మాత్రం అనుకోకూడదు. నాలుక మంట తగ్గింది, అంతే.

ఇక తేదీ. కిర్‌స్టెన్ పైపుల్లో పాతవాటికీ తర్వాతివాటికీ తేడా చూపేది పేరూ కాదు, గిన్నే కాదు. ఒక చిన్న రబ్బరు రింగు. మొదట్లో నోటి కొసకి ఉన్న లోహపు భాగం, అవతలి చివరి బిరడా, రెండూ లోహంలో లోహం ఒరుసుకుని బిగుసుకునేవి. మధ్యలో ఏమీ ఉండేది కాదు. 1950ల చివర్లో, సేకరణదారులు ఎక్కువగా చెప్పే ఏడాది 1958, వాటికి ఓ-రింగు అంటే సన్నని రబ్బరు చుట్టు తొడగడం మొదలైంది. ఆ రింగు ఉంటే గాలి లీకు కాదు, బిరడా పట్టేయదు. మీరు మెల్లగా తిప్పుతూ రెండు చివర్లనూ బయటికి లాగి చూడండి. చూడాల్సింది రింగు కోసం కాదు, గాడి కోసం. రబ్బరు ఎండి, చిట్లి, ఎప్పుడో రాలిపోయి ఉండవచ్చు. కాని రింగు కూర్చోవడానికి లోహంలో కోసిన గాడి ఎక్కడికీ పోదు. 'రింగు లేదు కాబట్టి పాతది' అని నమ్మి, కొత్త పైపును పాతదాని ధరకు కొన్నవాళ్లున్నారు.

మీరు పంపిన ఫొటోల్లో రెండు చివర్లూ నున్నగా కనిపిస్తున్నాయి. చేత్తో తడిమి చూసి, గోరుకు గాడి తగలడం లేదని నిర్ధారించుకోండి. రెండింటికీ గాడి లేకపోతే కాడ, బిరడా, కొస మూడూ రింగుల కాలానికి ముందువే. ఒకదానికి గాడి ఉండి రెండోదానికి లేకపోతే, గాడి ఉన్న ముక్క తర్వాత ఎప్పుడో మార్చింది. అప్పుడు కాడ వయసును గాడి లేని ముక్కను బట్టి చూడాలి. మీరు చదివిన 'పేటెంట్లు, పెండింగ్ పేటెంట్లు' అన్న రాత కూడా ఆ తొలి కాలం పైపుల మీదే కనిపిస్తుంది. రెండు సాక్ష్యాలూ ఒకే మాట చెబుతున్నాయి.

మరి అమ్మేవాళ్లు అంటున్న 1936? అది ప్రొఫెసరుగారి ఆలోచన రూపం దిద్దుకున్న కాలం. అమ్మేవాళ్లు ఆ ఒక్క తేదీని తెచ్చి, గాడి లేని ప్రతి కిర్‌స్టెన్‌కీ అంటగడతారు. 'పెండింగ్' అని ఉంది కాబట్టి పేటెంటు రాకముందే చేసినదని వాదిస్తారు. ఆ వాదన నిలబడదు. ఉక్కుతో చేసిన అచ్చు అరిగిపోయేదాకా వాడుకోవడం ఏ ఫ్యాక్టరీలోనైనా మామూలే. ఒక పేటెంటు చేతికి వచ్చినా, ఇంకేదో మార్పు మీద మరో దరఖాస్తు నడుస్తూ ఉండవచ్చు. మీరు చదివిన రాతలో 'పేటెంట్లు' అన్నది ముందే ఉంది చూడండి. అంటే అప్పటికే కొన్ని వచ్చేశాయి. కాబట్టి 1936 అని రాయకండి. అరుదైనదీ కాదు. ఈ పైపులు చాలా ఏళ్లు, చాలా సంఖ్యలో అమ్ముడుపోయాయి.

ఆ మడత కాగితాన్ని మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంతో దాటేశారు గాని, నాకు పెట్టెలో అన్నిటికంటే విలువైనది అదే అనిపించింది. అమెరికా తపాలా శాఖ 1943లో పెద్ద ఊళ్లను జోన్లుగా విడగొట్టి, ఊరి పేరుకీ రాష్ట్రం పేరుకీ మధ్య ఒకటో రెండో అంకెలు రాయమంది. 1963 జూలై 1న ఐదంకెల జిప్ కోడ్ వచ్చింది. వాషింగ్టన్‌ను 'వాష్' అని కాకుండా రెండే అక్షరాల్లో 'డబ్ల్యూఏ' అని రాయడం కూడా ఆ ఏడాదే మొదలైంది. మీ కాగితంలో మధ్యలో చిన్న అంకె ఉంది, చివర 'వాష్' ఉంది. కాబట్టి అది 1943కీ 1963కీ మధ్య అచ్చయినది. కొత్త పద్ధతి వచ్చాక కూడా కొందరు పాత స్టాకు కాగితాలు కొన్నాళ్లు వాడి ఉంటారు కాబట్టి చివరి కొసలో ఏడాది రెండేళ్లు వదిలేయండి.

ఇప్పుడు రెండూ కలపండి. కాగితం 1943కి ముందుది కాదు. పైపు 1950ల చివరి తర్వాతది కాదు. కాగితం ఆ పైపుతో పాటే వచ్చిందనుకుంటే, 1943 నుంచి 1958 దాకా పదిహేనేళ్లు మిగులుతాయి. పైపు ఒకటి, కాగితం మరొకదానిది అయ్యే అవకాశం లేకపోలేదు, అందుకే 'అనుకుంటే' అన్నాను. ఇందులో ఆయన జీవితాన్ని పెట్టి చూడండి. యుద్ధం 1945లో ముగిసింది. తిరిగొచ్చిన సైనికుల చదువుకు ప్రభుత్వమే డబ్బిచ్చే చట్టం 1944లోనే వచ్చింది. ఆ డబ్బుతో లక్షల మంది కాలేజీల్లో చేరారు. మీ పక్కింటాయన జపాన్ నుంచి వచ్చి అదే యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చదివారు. ప్రొఫెసర్ కిర్‌స్టెన్ 1952 దాకా బతికే ఉన్నారు. ఆ పేరున్న గాలి సొరంగం పక్కనుంచే ఆయన క్లాసుకు నడిచి ఉంటారు. 1936 నాటి 'అరుదైన మొదటి రకం' కంటే ఆ విద్యార్థి జేబులో పైపు నాకు ఎక్కువగా నచ్చుతుంది.

ఫాల్కన్ సంగతి తొందరగా తేలుతుంది. ఈ పైపు కూడా అమెరికాలోనే పుట్టింది. ఇండియానా రాష్ట్రానికి చెందిన ఇంజినీరు కెన్లీ బగ్ 1936లో దీన్ని రూపొందించారు. తర్వాత చికాగోలో తయారైంది. అల్యూమినియం కాడ చివర ఒక చిన్న దొన్నె ఉంటుంది, గిన్నె అందులోకి తిరిగి బిగుస్తుంది. తేమంతా ఆ దొన్నెలో చేరుతుంది. తర్వాత ఇది ఇంగ్లాండు చేరి, 1960ల నుంచి అక్కడ తయారై, పుట్టినింటికంటే అక్కడే ఎక్కువ పేరు తెచ్చుకుంది. మీ కాడ మీద 'మేడ్ ఇన్ ఇంగ్లాండ్' ఉంది కాబట్టి కాడ 1960లకు ముందుది కాదు. గిన్నె మాట వేరు. ఫాల్కన్ గిన్నెలు విడిగా అమ్మడమే ఆ కంపెనీ వ్యాపార రహస్యం. ఒక కాడకు నాలుగైదు గిన్నెలు పెట్టుకుని, వారమంతా మార్చి మార్చి వాడేవాళ్లు ఎందరో. గిన్నె అందంగా, పాతగా కనిపించిందని కాడను పాతది అనకండి. కాడ కొత్తదని గిన్నెను కొట్టిపారేయనూ వద్దు. ఇలాంటి ఇంగ్లీషు పైపుతో ధర కాగితం కూడా దొరికితే చూడండి. షిల్లింగుల్లో ఉంటే అది 1971 ఫిబ్రవరి 15కి ముందుది. ఆ రోజే ఇంగ్లాండు షిల్లింగులు మానేసి, పౌండుకి వంద పెన్నీల లెక్కకు మారింది.

మూడోది జపాను వాళ్ల కిసెరు. వెదురు కాడకు ఒక కొసన లోహపు గిన్నె, రెండో కొసన లోహపు నోటి ముక్క. గిన్నె అంత చిన్నదిగా ఉండడం లోపం కాదు. వాళ్ల పొగాకు తల వెంట్రుకల్లా సన్నగా తరిగింది. చిటికెడు ఉండచుట్టి పెడితే రెండు మూడు దమ్ములకే అయిపోతుంది. మళ్లీ నింపుకుంటారు. మన ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగే ఆడవాళ్లను చూసి పరాయివాళ్లు వింతపడినట్టే, తొలిసారి కిసెరు చూసినవాళ్లు ఇంత చిన్న గిన్నె ఏమిటని వింతపడతారు. ఎక్కడి అలవాటు అక్కడిది. ఇందులో కూడా వెదురు మార్చేదే. తారు పట్టిన వెదురు తీసేసి, పాత లోహపు కొసలకు కొత్త వెదురు తొడగడం అక్కడ ఒక వృత్తిగా సాగింది. కాబట్టి వెదురును బట్టి వయసు చెప్పకూడదు.

దాని మీద రాత లేకపోవడం గురించి ఒక జాగ్రత్త. అమెరికాకు దిగుమతయ్యే వస్తువుల మీద పుట్టిన దేశం పేరు ఉండాలని 1891 నుంచి చట్టం ఉంది. జపాను సరుకు మీద మొదట 'నిప్పాన్' అనీ, 1921 నుంచి 'జపాన్' అనీ, యుద్ధం తర్వాత అమెరికా ఆక్రమణలో ఉన్న కాలంలో 'ఆక్యుపైడ్ జపాన్' అనీ వేసేవారు. అది 1952 ఏప్రిల్‌లో ముగిసింది. ఇది చదివినవాళ్లు రాత లేదంటే 1891కి ముందుది అని ఎగిరి గంతేస్తారు. ఆ చట్టం అమ్మకానికి తెచ్చే సరుకుకు. ఒక సైనికుడు అక్కడి వీధి కొట్టులో కొనుక్కుని సంచిలో వేసుకుని తెచ్చుకున్నదానికి ఏ రాతా అక్కర్లేదు. ఆయన అక్కడ ఉన్నారని తెలుసు కాబట్టి, ఆయన చేతికి 1945కీ 1952కీ మధ్య వచ్చి ఉంటుందని చెప్పవచ్చు. అది చేసిన తేదీ కాదు, చేరిన తేదీ. కాగితం మీద అలాగే రాయండి.

మీలాగే లోహపు పైపు పట్టుకుని కూర్చున్న మిగతా పాఠకుల కోసం రెండు మాటలు. అమెరికా పేటెంటు నంబరు కనిపిస్తే అది దాదాపు తేదీతో సమానం. ఇరవై లక్షలో పేటెంటు 1935లో, ముప్ఫై లక్షలోది 1961లో, నలభై లక్షలోది 1976లో ఇచ్చారు. మీ పైపు మీద ఉన్న ఏడంకెల సంఖ్య రెండుతో మొదలైతే పేటెంటు 1935కీ 1961కీ మధ్యది. పైపు అంతకుముందుది కాదు, ఆ తర్వాత ఎన్నేళ్లకైనా చేసినది కావచ్చు. ఆ రోజుల్లో పేటెంటు పదిహేడేళ్లు చెల్లేది. పేటెంట్ల కాగితాలన్నీ ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. నంబరు కొట్టి ఆ బొమ్మ మీ చేతిలోని పైపులా ఉందో లేదో చూడండి. ఒక్కోసారి ఆ నంబరు నోటి కొసలోని చిన్న స్ప్రింగుది మాత్రమే అయి ఉంటుంది.

విశాఖలోనో సికింద్రాబాద్‌లోనో పాత ఇళ్లల్లో బ్రిటిష్ కాలం చెక్క పైపులు దొరుకుతాయి, మెడకు వెండి పట్టీతో. వెండి పట్టీ ఉందంటే మీ అదృష్టం. ఇంగ్లాండు వెండి మీద నడుస్తున్న సింహం ఉంటే 92.5 శాతం శుద్ధి అని అర్థం. లంగరు ఉంటే బర్మింగ్‌హామ్, చిరుతపులి తల ఉంటే లండన్, గోధుమ పనల మధ్య కత్తి ఉంటే చెస్టర్. ఇవి వెండిని పరీక్షించి ముద్ర వేసే కార్యాలయాలున్న ఊళ్లు. చెస్టర్ కార్యాలయం 1962లో మూతపడింది. ఈ ముద్రల పక్కన ఉన్న ఒంటి అక్షరం ఏటేటా మారుతుంది. దాని ఆకారం, చుట్టూ ఉన్న చట్రం ఆకారం కూడా చూసి పట్టికతో పోలిస్తే సరిగ్గా ఏడాది తెలుస్తుంది. ఒక్క ఏడాదిని నమ్మకంగా చెప్పగలిగేది ఇక్కడే. అదీ పట్టీ ఏడాదే సుమా. ఐర్లాండులోని డబ్లిన్‌కు చెందిన పీటర్సన్ కంపెనీ పైపుల్లో నికెల్ పట్టీ ఉన్నవాటి మీద మూడాకుల గడ్డి, వేటకుక్క, గుండ్రటి బురుజు బొమ్మలుంటాయి. చూడ్డానికి వెండి ముద్రల్లాగే ఉంటాయి గాని అవి అలంకారం, తేదీ చెప్పవు. వాటి కాలం దేశం పేరులో దొరుకుతుంది. 'ఐరిష్ ఫ్రీ స్టేట్' అని ఉంటే ఆ పేరు 1922 నుంచి 1937 దాకా నడిచింది. 'రిపబ్లిక్ ఆఫ్ ఐర్లాండ్' అని ఉంటే 1949కి ముందుది కాదు.

శుభ్రం చేయడం గురించి అడిగారు కాబట్టి చెబుతాను. ఫొటోలన్నీ తీశాక, దూది చుట్టిన పుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచి కాడ లోపల తుడవండి. తెల్లగా వచ్చేదాకా పుల్లలు మార్చండి. ఆ తారులో నికోటిన్ ఉంటుంది. చేతికి తొడుగు వేసుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. గిన్నె పట్టేసి ఉంటే బలం చూపించకండి, అల్యూమినియం మరలు ఇట్టే చెడిపోతాయి. మర దగ్గర రెండు చుక్కల ఆల్కహాలు వేసి రాత్రంతా వదిలేస్తే మర్నాడు చేతికి వస్తుంది. ఆ చుక్కలు గిన్నె పైన పడనివ్వద్దు, చెక్క మీద లక్క మెరుపు కరిగిపోతుంది. కాడ బయటివైపు పొడి మెత్తని గుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు. నలుపు అలాగే ఉండనివ్వండి. ఆయన బొటనవేలు ఆనిన చోట కాడ కొంచెం నిగనిగలాడుతూ ఉంటుంది చూడండి. పాలిష్ పెడితే ఆ తేడా కూడా పోతుంది. ఫ్రేములో పెట్టాలనుకుంటే జిగురు వాడకండి, దారంతో కట్టండి.

ఆవిడకు ఏం చెప్పాలి అన్నది మిగిలింది. నేనైతే ఇలా రాస్తాను: "కిర్‌స్టెన్ పైపు, సియాటిల్. 1950ల చివరికి ముందు చేసినది, బహుశా 1943 తర్వాతది. ఫాల్కన్ కాడ, ఇంగ్లాండు, 1960లు లేదా ఆ తర్వాత. గిన్నె వయసు తెలియదు. కిసెరు, జపాను, ఆయన చేతికి 1945, 1952 మధ్య వచ్చి ఉంటుంది." ఏడాదులు ఖాళీగా ఉన్నాయని మొహమాటపడకండి. ఆ ఖాళీలు నింపగలిగిన మనిషి ఇంకా ఉన్నారు, మీరు కలవబోతున్నది ఆవిడనే. ఫ్రేము చేతికి ఇచ్చే ముందు పెట్టె మూత తీసి ఒక్కొక్క పైపు ఆవిడ చేతిలో పెట్టండి. పెళ్లినాటికే ఆయన దగ్గర ఈ లావు గొట్టం ఉందా, తర్వాత కొన్నారా? ఏ కొట్టులో? ఆ ప్రొఫెసరుగారి క్లాసులో ఎప్పుడైనా కూర్చున్నారా? గిన్నె మార్చడం ఆవిడ చూశారా? ఆవిడ చెప్పింది చెప్పినట్టు అక్కడే ఒక కాగితం మీద రాసి, కింద ఆ రోజు తేదీ వేసి, ఆ మడత కాగితం పక్కనే పెట్టెలో ఉంచండి.